కాలువ వెంట నీళ్లతో నడిచిన రోజు

నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు, ఎనభైల మొదట్లో, సరిగ్గా కార్తీకంలో మా కాలువ ఎండిపోయింది. మా ఊరు పొదిలి వైపు, సాగర్ కాలువకు చిట్టచివర. కృష్ణ నీళ్లు రాకముందు అక్కడ వరిగ, జొన్న తప్ప పండేవి కావట. వచ్చాక మేమూ మిరప వేశాం. తాగే నీళ్ల చెరువు కూడా ఆ కాలువతోనే నిండేది.

పన్నెండు రోజులుగా చుక్క రాలేదు. మిరప పూత రాలిపోతోంది. చెరువులో బిందె ముంచితే బురద లేస్తోంది. నా చంటిపిల్లకు ఎనిమిదో నెల. కాచి వడకట్టినా నీళ్లు మట్టివాసన వేసేవి. గ్లాసు దాని నోటికి అందించే ముందు ప్రతిసారీ నేనొక గుక్క తాగి చూసేదాన్ని.

మగవాళ్లు అర్జీ పట్టుకుని ఇంజనీరు కోసం వెళ్లారు. మా అత్తగారు మాత్రం పొద్దున్నే కొంగు బిగించి, "నీళ్లు ఎక్కడ ఆగినయ్యో చూసొద్దాం పద" అన్నారు. పిల్లను తోడికోడలికి అప్పగించి ఆవిడ వెనకే గట్టెక్కాను.

రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ల దాకా, నడిచాక అడ్డుకట్ట కనపడింది. పైఊరివాళ్లు ఇసక బస్తాలు పేర్చి నీళ్లు తమ వరికి మళ్లించుకున్నారు. పార పట్టుకుని ఒకావిడ కాపలా ఉంది.

"దగ్గరికి రామాకండి!" అని అరిచింది. "వరి పొట్ట మీదుంది. ఈ తడి లేకపోతే మాకు గడ్డే మిగులుద్ది."

నేను గట్టు మీదే ఆగిపోయాను. అత్తగారు బస్తాల జోలికి పోలేదు. "నీ వరి ఎండాలని రాలేదు తల్లీ. మా చెరువులో బురదే ఉంది. దీని పిల్ల ఆ నీళ్లే తాగుతోంది" అన్నారు.

ఆవిడ నావైపు చూసింది. "ఎన్నో నెల?"

"ఎనిమిదండి."

పార కింద పెట్టి, ఊరివైపు బెదురుగా చూసింది. "మావాళ్లకి తెలిస్తే నన్ను బతకనియ్యరు. మీ చెరువు వరకే. పొద్దుగూకేలోపు మళ్లీ కట్టేస్తా" అంటూ బస్తా లాగింది. మేమూ చెయ్యి వేశాం. మూడు బస్తాలు తీశాం.

నీళ్ల పక్కనే వెనక్కి నడిచాం. నెర్రెలిచ్చిన కాలువ అడుగు వాటిని తాగేస్తోంది. పాయ సన్నబడుతూ పోయింది. ఒకచోట ఆగిపోతే అత్తగారు దిగి, అడ్డం పడ్డ చెత్తను చేతుల్తో తోశారు. "నడువు కృష్ణమ్మా, నడువు."

సాయంత్రానికి చెరువులో మోకాలి లోతు నీళ్లు చేరాయి. తర్వాత కాలువ మళ్లీ ఎండింది. మిరప సగానికి పైగా పోయింది. మరుసటి ఏడు అత్తగారు సగం చేలో జొన్నే చల్లించారు.

ఆ పైఊరి ఆవిడను వాళ్లవాళ్లు ఏమన్నారో తెలియలేదు. అటునుంచి ఎవరొచ్చినా అడిగేదాన్ని.