పొడుగు ఉత్తరాల సారు

ఆర్మూర్‌లో యాకోబు ఇల్లెక్కడ అని అడిగితే "ఏ యాకోబు?" అంటారు. "ఉత్తరాల సారు" అనండి, పసుపు మార్కెట్ గేటు దగ్గర ఛాయ్ అమ్మేవాడు కూడా గ్లాసు పక్కన పెట్టి దేవిదాస్ అన్న ఆఫీసుకు దారి చూపిస్తాడు. డాక్టరేటు చేసి, పదకొండేళ్లు కాలేజీలో తెలుగు చెప్పిన మనిషికి ఊరు ఇచ్చిన బిరుదు అది. దానికి ఆయన లోలోపల మురిసిపోయేవాడు కూడా. మొన్న మార్చి దాకా.

యాకోబు తండ్రి డేవిడ్ కళ్లాల్లో పసుపు ఉడకబెట్టే కూలి, తల్లి ఆరబోసే కూలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం బైబిలు. ఆ ఇంట్లోంచి యూనివర్సిటీ దాకా పోయి, పసుపు కళ్లాల్లో ఆడవాళ్ల మాటతీరు మీద పరిశోధన చేశాడు. ఒక సీజనంతా కమ్మర్‌పల్లి వైపు కళ్లాల చుట్టూ తిరిగాడు. రికార్డరు చూడగానే అందరూ నోళ్లు మూసుకుంటే, రత్నవ్వ ఒక్కతే నోరు విప్పింది. నలభై రోజులు, చేతిలో పని ఆపకుండా మాట్లాడింది. గైడు భేష్ అన్న పేజీలన్నీ ఆమెవే. "సారుకు పట్టా ఇప్పిచ్చింది నేనే" అని ఆమె ఊరంతా చెప్పుకునేది. యాకోబు ఏనాడూ కాదనలేదు, ఎందుకంటే అది నిజం.

పట్టా వచ్చింది కానీ పర్మనెంటు ఉద్యోగం రాలేదు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాడు. చివరికి పిల్లలంతా కంప్యూటర్ కోర్సులకు పోయారని యాజమాన్యం తెలుగు సెక్షనే ఎత్తేసింది. సరిగ్గా అప్పుడే దేవిదాస్ అన్న కబురు పెట్టాడు. ఆయన ఏదో కార్పొరేషన్‌కు చైర్మన్. ఏ కార్పొరేషనో ఊళ్లో సగం మందికి తెలియదు. ఆయన ఫోను చేస్తే అధికారులు ఎత్తుతారు, జనానికి అది చాలు.

"జనం కష్టం నాకు సమజైతది సారూ, గని రాయరాదు. మీరు రాయుర్రి, నేను సంతకం పెడ్త" అన్నాడు దేవిదాస్.

కాలేజీలో ఎవరూ అంత మర్యాదగా అడగలేదు. యాకోబు ఆ రోజే ఒప్పుకున్నాడు.

ఆఫీసులో ఉత్తరాలు రాసేవాళ్లు ఇద్దరు. పాత పీఏ భూమేష్ ఒకడు, యాకోబు ఒకడు. పొద్దున్నే జనం వరుసలో నిలబడితే దేవిదాస్ అన్న ఒక్కొక్కరి భుజం తట్టి, "నువ్వు భూమేష్ దగ్గరికి పో", "నువ్వు సారు దగ్గరికి పో" అని పంపించేవాడు. బరువైన కష్టాలన్నీ తన దగ్గరికే వస్తున్నాయని యాకోబు అనుకున్నాడు. మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, అంతా విని, పేజీ నిండా రాసేవాడు. రాసింది చదివి వినిపిస్తే వచ్చినవాళ్లు కళ్లు ఒత్తుకునేవాళ్లు. భూమేష్ మాత్రం రెండంటే రెండు లైన్లు గీకేవాడు.

"దాంట్లో ప్రాణమేది భూమేష్?" అని యాకోబు వేళాకోళం చేస్తే, "నాకు గంతే వస్తది సార్" అని అతను తల దించుకునేవాడు.

పోయిన అక్టోబరులో రత్నవ్వ వచ్చింది. ఆమె భర్త ఎంకటికి గుండెలో కవాటం పాడైంది. ఆర్నెల్లలోపు ఆపరేషన్ కాకపోతే మనిషి దక్కడని డాక్టర్లు చెప్పారు. హైదరాబాద్ సర్కారు దవాఖానలో తారీకు దొరకాలి, దానికి ఉత్తరం కావాలి. ఆమెను చూసి భూమేష్ కుర్చీలోంచి లేచాడు.

"గీమెది నేను రాస్త సార్, ఇటు తోలుర్రి."

యాకోబుకు ఒళ్లు మండింది. "రత్నవ్వది ఇంకొకరు రాయడమేంది? నేనే రాస్త" అన్నాడు. భూమేష్ నోరు తెరిచి, దేవిదాస్ గది వైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. అక్టోబరులో రాసిన ఉత్తరానికి జవాబు లేదు. డిసెంబరులో ఇంకా బాగా రాశాడు. దానికీ లేదు. మార్చి వచ్చేసరికి ఎంకటికి నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. యాకోబు ఇక ఆగలేక తానే బస్సెక్కాడు.

దవాఖాన ఆఫీసులో తారీకులు చూసే మేడమ్ పేరు జ్యోతిలక్ష్మి. దేవిదాస్ అన్న ఆఫీసులో ఉత్తరాలు రాసేది తానేనని చెప్పగానే ఆమె లేచి నిలబడింది.

"మీరేనా సార్? కూసోండి, కూసోండి. మీ ఉత్తరాలంటే మాకు మస్తు ఇష్టం. లంచ్‌ల మా వాళ్లందరికీ చదివి వినిపిస్త. మొన్న ఒకటి చదివి అందరం ఏడ్చినం సార్."

ఒక్క క్షణం యాకోబు పొంగిపోయాడు. అది తలచుకుంటే ఇప్పటికీ ఆయనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. తేరుకుని, "మరి తారీకు ఎప్పుడిస్తరు మేడమ్?" అని అడిగాడు.

ఆమె అయోమయంగా చూసింది. "తారీకు ఏంది సార్? పొడుగు ఉత్తరమైతే పక్కన పెట్టాలె, రెండు లైన్లదైతే చెయ్యాలె. మీ ఆఫీసు నుంచే చెప్పిండ్రు గద, మొదట్లనే. మీకు తెల్వదా?"

యాకోబు కూర్చున్న కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆమె చెప్పింది అర్థమై కూడా, అర్థం కాలేదని ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆమె నొచ్చుకుంటూ బీరువా తెరిచి ఫైళ్లు తీసింది. నాలుగు లావుపాటి ఫైళ్లు, అన్నీ ఆయన రాతే. నచ్చిన వాక్యాల కింద ఆమె ఎర్ర గీతలు కూడా గీసుకుంది. రత్నవ్వ కోసం రాసినవి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నాలుగు కాగితాలు తిప్పితే, బిడ్డ జబ్బుకని వచ్చిన సాయిలుకు రాసింది కనబడింది. ఆ పిల్ల పోయిన ఉగాదికి ముందే చనిపోయింది. దినాలకు యాకోబు వెళ్లాడు. ఆ రోజు సాయిలు ఆయన చేతులు పట్టుకుని, "మీరైతే మంచిగనే రాసిండ్రు సార్" అన్నాడు.

యాకోబు ఫైలు మూసి బయటికొచ్చి, ఆర్మూర్ బస్సెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం దేవిదాస్ అన్న అంకాపూర్ నాటుకోడి కూరతో అన్నం తింటున్నాడు. యాకోబు నిలబడే అంతా అడిగాడు. అన్న కాదనలేదు. ఆయన ముద్ద కూడా ఆపలేదు.

"దినాం నూరు మంది వస్తరు సారూ. అందరియి పంపితే ఆఫీసరు ఒక్కటి సుత చెయ్యడు. అట్లని ఉత్త చేతులతోటి పంపుతనా? నువ్వు రాస్తే వాళ్ల కడుపు నిండుతది. పని కాకున్నా నన్ను తిట్టకుంట పోతరు. నీ అసుంటి చదువుకున్నోణ్ణి తెచ్చుకున్నదే గందుకు."

"రత్నవ్వ భర్త చచ్చిపోతడన్నా."

"ఆమె నీ మనిషా? ముందుగాల చెప్పొద్దా? భూమేష్‌తోటి రాయిస్తే ఎప్పుడో అయిపోతుండె."

అన్న భూమేష్‌తో రాయించి, చేయి కడుక్కుని సంతకం పెట్టాడు. రెండు లైన్ల కాగితం. ఐదో రోజున తారీకొచ్చింది, ఇరవయ్యో రోజున ఆపరేషన్ అయింది, ఎంకటి బతికాడు. ఆరు నెలలు చావు అంచున ఉన్న మనిషికి కావలసింది ఒక్క నిమిషం పనా అని యాకోబు బిత్తరపోయాడు. భూమేష్ మొహం చూడలేకపోయాడు. రెండు చేతులా సాయం చేయబోయిన మనిషిని పొగరుతో పక్కకు నెట్టింది తానే.

ఉద్యోగం మానేస్తే వరుసలో ఉన్నవాళ్లు ఇంకో పొడుగు రాతగాడి పాలవుతారు. అందుకని మానలేదు. ఇకనుంచి అందరికీ రెండు లైన్లే రాసి, భూమేష్ కట్టలో కలిపేయాలని నిశ్చయించుకున్నాడు.

ఆపరేషన్ అయిన తరువాతి సోమవారం ఆఫీసుకొస్తే వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. కళ్లాల్లో రత్నవ్వ చెప్పని మనిషి లేదు. సారు పేజీ నిండా రాసిన ఉత్తరమే తన మొగుణ్ణి బతికించిందని ఆమె నమ్మకం. మొదట నవీపేట్ గంగామణి కూర్చుంది. భర్తకు కిడ్నీ ఆపరేషన్ కావాలి. యాకోబు అంతా విని, రెండు లైన్లు రాసి ఇచ్చాడు.

గంగామణి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహం వాడిపోయింది.

"రత్నవ్వకు కాయితం నిండ రాసిండ్రట గద సార్. నాకు గింతేనా? నా మొగని పానం పానం కాదా?"

రెండు లైన్లదే పనిచేస్తుందని చెప్పబోయి యాకోబు ఆగిపోయాడు. అవతలి గదిలో దేవిదాస్ అన్న ఫోను మాట్లాడుతున్నాడు, తలుపు తెరిచే ఉంది. గంగామణి కాగితాన్ని ఆయన వైపు నెట్టి, కొంగు సర్దుకుని కుర్చీలో గట్టిగా కూర్చుంది.

"మీరు పొడుగ్గ రాసేదాంక నేను గీడికెంచి లేవ సార్."

వెనక వరుసలోంచి, "మాగ్గూడ గట్లనే రాయాలె సారూ" అన్నారు నలుగురైదుగురు.