పై మెట్టుకు కట్టిన పడవ

ఎదురింటి ఆంటీ పోయారని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఫరీదాబాద్‌లో ఉంటుంది ఆ అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే వస్తుంది. "దీదీ, మమ్మీ నహీ రహీ," అంది. తర్వాత తెలుగులో "నిద్రలోనే" అని ఒక్క మాట అంది. నేను నోయిడా వెళ్ళే ఆఫీసు క్యాబులో ఉన్నాను. "భయ్యా, యహీఁ రోక్ దీజియే," అని దారి మధ్యలో దిగిపోయాను. దిగాక ఎటు వెళ్ళాలో తోచలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. ఘాజియాబాద్‌లో మా ఫ్లాటూ వాళ్ళ ఫ్లాటూ ఎదురెదురు, అంతే. వాళ్ళది వరంగల్ వైపు. ఆంటీ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో స్టెనోగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగుల మీద ఆరోపణలు వచ్చి విచారణ జరిగితే, నిందితుడూ సాక్షులూ చెప్పేదంతా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేయడం ఆమె పని. అలా ముప్పై ఏళ్ళ పాటు మనుషులు నిజాలూ అబద్ధాలూ చెబుతుంటే అక్షరం పొల్లుపోకుండా రాశారు. నేను కాకినాడదాన్ని. వీడియో గేములకు కథలు రాస్తాను. ఈ ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్ళకు కంప్యూటరు పని అని చెప్పి ఊరుకుంటుంది.

ఆంటీకి మొదటి రోజే తెలిసింది. ఆ రోజు తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నారు. కూతురు ఇంకో తాళంచెవి తెచ్చేదాకా మా ఇంట్లో కూర్చున్నారు. నేను టీవీలో ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నాను. అంటే మనమే ఒక పాత్రగా మారి, ఊళ్ళు తిరుగుతూ, ఎదురైనవాళ్ళతో మాట్లాడుతూ నడిపించే కథ. పూర్తవడానికి ముప్పై నలభై గంటలు పడుతుంది. అది వేరే కంపెనీవాళ్ళ ఆట. ఒకసారి పూర్తి చేసి, చివర్లో వచ్చిన మలుపుకు బిత్తరపోయి, దాన్ని ముందు నుంచీ ఎలా కట్టుకొచ్చారో చూద్దామని మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను.

తెల్లగడ్డం వైద్యుడు ఒకాయన వచ్చి హీరో చేతికి కట్టు కట్టాడు. ఆంటీ టీ కప్పు కింద పెట్టి, "గీయనే చేసిండు," అన్నారు.

"ఏం చేశాడండీ? ఇంకా ఏమీ జరగందే."

"ఏం జేసిండో నాకేమెరుక. నిన్న నేను ఊర్లె లేనన్నడు. ఎవరడిగిన్రు ఆయనను?"

నేను ముప్పై ఐదో గంటకు కనుక్కున్న సంగతిని ఆమె ఏడో నిమిషంలో కనుక్కున్నారు. నాకు ముక్కు మీదే కోపం. మర్యాదకు నవ్వాను గానీ లోపల భగ్గుమంది.

ఆ తర్వాత ఆమె అలవాటు పడిపోయారు. నేను ఆఫీసుకు వెళ్ళినప్పుడు మొక్కలకు నీళ్ళు పోస్తారని మా ఇంటి తాళంచెవి ఇచ్చాను. మొక్కల కంటే టీవీకే ఎక్కువ సేవ జరిగింది. ఆట నడిపే మీటలున్న కంట్రోలర్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు, కళ్ళద్దాలు చీర చెంగుతో తుడుచుకునేవారు. ఆటలో ఎవరూ తరమకపోయినా అందరూ తమ పాత్రను పరిగెత్తిస్తారు. ఆమె మాత్రం నడిపించేవారు. "ఊర్ల మనుషులు చూస్తుంటే ఉరుకుడేంది," అనేవారు. సంతలో ప్రతి దుకాణం దగ్గరా ఆగి, కొనేదేమీ లేకపోయినా చెప్పేదంతా వినేవారు. సర్వపిండి చేసిన రోజు నా వాటా డబ్బాలో పెట్టి టీవీ పక్కన ఉంచేవారు. దాని నూనె నా కంట్రోలర్‌కు ఒక్కసారి కూడా అంటలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు ఇల్లంటే ఎదురింటి ఆంటీయే. నేను రాసిన రెండు చిన్న ఆటలు ఆమె చేత ఆడించాను. రెండింటి గుట్టూ మొదటి గంటలోనే పట్టేశారు. రెండోసారి నేను అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆమే వచ్చి కూర్చున్నారు.

"నువ్వు దాస్తున్నవ్ బిడ్డా. దాసినదాన్ని అందరు దేవులాడుతరు. ఎదురుంగ పెట్టు. పనిల పనిగ పెట్టు. ఎవ్వరు చూడరు."

"చూడకపోతే ఏం లాభమండీ?"

"చివరికి యాదికొస్తది గద. అప్పుడు, అయ్యో నా కండ్ల ముంగట్నే ఉండె అనుకోవాలె. నువ్వు మోసం జేసినవని అనుకోవద్దు."

ఆఫీసులో నాకు నేర్పినవాళ్ళెవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఆ మాట పట్టుకునే నా పెద్ద ఆట రాశాను. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఒక అమ్మాయి. పడవ నడిపే ముసలామె. మొదటి సాయంత్రం నీళ్ళు రేవులో అట్టడుగున ఉంటాయి, అయినా ముసలామె పడవను తెచ్చి అన్నిటికంటే పై మెట్టుకున్న కొక్కేనికి తాడుతో కడుతుంది. తెల్లవారేసరికి వరద వచ్చి ఊరు మునిగిపోతుంది. ఊరివాళ్ళలో ఆ పడవలో ఉన్న అమ్మాయి ఒక్కతే బతుకుతుంది. అక్కడి నుంచి ఆ పిల్లా ముసలామే కలిసి ఏరు వెంబడి ప్రయాణం చేస్తారు, ఆనకట్ట తలుపులు ఎత్తింది ఎవరో తెలుసుకోవడానికి. ముసలామె ఆ పిల్లకు వండి పెడుతుంది, ఈత నేర్పుతుంది, జ్వరం వస్తే కాచుకుంటుంది. చివరి రేవు దాటాక తెలుస్తుంది, తలుపులు ఎత్తింది ఆమే. దిగువన ఉన్న పది ఊళ్ళను కాపాడటానికి ఒక ఊరిని ముంచింది. అందులో ఒక్క పిల్లను మాత్రం వదులుకోలేకపోయింది.

మా టీమ్ లీడ్‌కు నచ్చలేదు. "ఆ తాడు ఎవరికీ కనిపించదు. చివర్లో జనం తిడతారు. ముసలామెను కొంచెం అనుమానంగా చూపించు," అన్నాడు. ముసలామె దొంగచూపులు చూస్తే ఇక నా కథ ఏముంది? మూడు వారాలు పోట్లాడాను. అదే సమయంలో హైదరాబాద్ నుంచి ఇంకో ఉద్యోగం వచ్చింది. ఇన్సూరెన్సు యాప్‌లో మెసేజ్‌లు రాయాలి. కడుపులో చల్ల కదలని పని.

ఆంటీతో ఉన్నదున్నట్టు చెప్పాను. "ఈ ఆట మీరు ఆడండి. ముసలామె సంగతి మీరు మొదట్లోనే పట్టేస్తే నాకు కథలు రాయడం రానట్టే. హైదరాబాద్ వెళ్ళిపోతాను." ముసలామె సంగతి అనలేదు లెండి, అంత తెలివితక్కువదాన్ని కాదు. మలుపు అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, "అచ్ఛా, ఆడుత తియ్," అన్నారు.

రెండు వారాల పైన ఆడారు. మధ్యాహ్నాలు నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆడేవారు. అడిగితే, "నడుస్తున్నది," అనేవారు. ఒక శనివారం నేను కూరగాయలు తెచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. ఆంటీ బాల్కనీలో మొక్కల ఎండుటాకులు ఏరుతున్నారు.

"అయిపోయిందా అండీ?"

"అయింది. మంచిగ మోసం జేసినవ్ బిడ్డా నన్ను. చివరిదాంక తెల్వలే."

చంకలు గుద్దుకున్నాను. అక్కడే నిలబడి టీమ్ లీడ్‌కు ఫోన్ చేసి, తాడు సీను ఉంటుంది, లేకపోతే నేను ఉండను అని చెప్పాను. సోమవారం హైదరాబాద్ వాళ్ళకు రానని రాశాను. ఆట విడుదలయ్యాక చాలామంది ఆ పై మెట్టు గురించి రాశారు. మొదటి రోజే కళ్ళ ముందున్నా చూడలేదే అని వాపోయారు. ఇవాళ నేను కథల టీమ్‌కు పెద్దనయ్యాను. అంతా ఆ శనివారం ఆమె అన్న రెండు మాటల మీద నిలబడింది.

ఆరు నెలల క్రితం గుండె బలహీనమైందని కూతురు ఆమెను ఫరీదాబాద్ తీసుకెళ్ళింది. మెట్రోలు మారి రెండుసార్లు వెళ్ళి చూశాను. రెండోసారి మంచం మీద ఒరిగి కూర్చుని అందరి క్షేమమూ అడిగారు. మా అమ్మ, మొక్కలు, కొత్తగా వచ్చిన వాచ్‌మన్. తర్వాత, "నీ పడవ ముసలామె మంచిగున్నదా?" అన్నారు. ఊళ్ళో ఉన్న చుట్టాన్ని అడిగినట్టు అడిగారు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

దహనమయ్యాక ఇంటికొచ్చిన మర్నాడు, ఏ పనీ చేయబుద్ధి కాక, ఆమె ఆడిన పాత గేమ్ యంత్రాన్ని టీవీకి తగిలించాను. అందులో ఆమె సేవ్ చేసుకున్న ఆట ఉంటుంది. ఆమె నడిపించిన పిల్లను ఒక్కసారి చూడాలనిపించింది. అది పరీక్ష కోసం తయారు చేసిన ఆట కాబట్టి, ఆడినవాళ్ళు ఎక్కడ ఏ జవాబు ఎంచుకున్నారో వరసగా నమోదై ఉంటుంది. ఇన్నాళ్ళూ నేనది తెరవలేదు. ఆమె మాట మీద నమ్మకం అని చెప్పుకునేదాన్ని. అసలు కారణం భయం.

మొదటి సాయంత్రం రేవులో ముసలామెను అడగడానికి నాలుగు ప్రశ్నలు ఉంటాయి. పడవను అంత పైకి ఎందుకు కట్టావు అన్నది నాలుగోది. మా పరీక్షల్లో దాన్ని ఎవరూ ఎంచుకోలేదు, ఏదో పనికిమాలిన ప్రశ్న అనుకుని దాటిపోయారు. ఆంటీ మిగతా మూడూ వదిలేసి అదొక్కటే అడిగారు. ముసలామె, "అలవాటు, తల్లీ," అంటుంది. ఆమెను మళ్ళీ నిలదీయడానికి ఆట పొడుగునా అవకాశాలు పెట్టాను. అన్నిచోట్లా ఆంటీ ఎంచుకున్నది "ఏమీ అనకు" అన్న జవాబే. దారిలో దొరికే ఒకే ఒక కంబళిని అందరూ అమ్మాయికే కప్పుతారు. ఆంటీ దాన్ని ముసలామెకు ఇచ్చారు.

ఆట చివరి రేవు దగ్గర ఆగిపోయి ఉంది. ఆమె దాటలేదు. నా మలుపును ఆమె చూడనే లేదు.

ముందు ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా నేను నిలబడిన నేల అబద్ధమా? నన్ను చిన్నపిల్లను చేసి ఆడించారా? చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎంత దిక్కుమాలినదో అప్పుడే తెలిసింది, దాన్ని తీసుకెళ్ళి ఎవరి తలుపు కొట్టాలి?

కోపం తగ్గాక ఏడుపొచ్చింది. మోసపోయినవాళ్ళు చాలామంది నా ఆట పూర్తి చేశారు. ఆమె మోసపోలేదు. పడవ కట్టిన ఆ చేతులు ఏం చేశాయో మొదటి సాయంత్రమే ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఏరు పొడుగునా ఆ ముసలామె వెంట నడిచి, ఆమె వండింది తిని, చలికి ఆమెకు కంబళి కప్పి, ఆ పిల్ల నిజం వినాల్సిన చోటికి వచ్చేసరికి ముందుకు వెళ్ళలేకపోయారు. కథ రాసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? ఈ మాట ఆమె బతికుండగా చెప్పి ఉంటే నాకు అర్థమయ్యేది కాదు. గెలిచానా ఓడానా అనే అడిగి ఉండేదాన్ని.

కంట్రోలర్ తీసుకున్నాను. ఒక్క మీట నొక్కితే పడవ కదులుతుంది, నా మలుపు వస్తుంది. నొక్కలేదు. తెర మీద సాయంత్రం వెలుగు, రేవు మెట్ల మీద ఆ ఇద్దరు. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. ఆడేవాళ్ళు ఊరికే ఉన్నప్పుడు బొమ్మలు బిగుసుకుపోకుండా చిన్న చిన్న కదలికలు పెడతారు మా బొమ్మల టీమ్ వాళ్ళు. అంతసేపు ఎవరూ ఆగరు కాబట్టి చివరి రేవులో ఏం పెట్టారో ఈ కథ రాసిన నాకే తెలియదు. ముసలామె కంబళి సర్దుకుని ఒక మెట్టు పైకి జరిగింది. అమ్మాయిని తన ముందు కూర్చోబెట్టుకుంది. జడ విప్పి, వేళ్ళతో చిక్కు తీసి, మెల్లగా అల్లింది. చివరిదాకా అల్లి, మళ్ళీ విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.