తిప్పని పేజీ

నేను ఏడో క్లాసుకు వచ్చేసరికి తమిళనాట రాజపాళయంలోని మా బడిలో తెలుగు క్లాసుకు తొమ్మిది మందిమే మిగిలాం. ఇళ్లలో అందరం తెలుగే మాట్లాడేవాళ్లం. కానీ కోర్టు కాగితం, బస్సు బోర్డు, అంగడి చీటీ అన్నీ అరవంలోనే ఉండేవి. అందుకని పెద్దవాళ్లు పిల్లల్ని అరవ క్లాసులోనే చేర్చేవారు. ఎదురు గదిలో జరిగే ఆ క్లాసులో కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. మా గదిలో వెనక బెంచీల మీద దుమ్ము కూడా తుడిచేవారు కాదు.

మా తెలుగు అయ్యవారు సేత్తూరు నుంచి సైకిలు మీద వచ్చేవారు. వచ్చాక ఎండకు ఎర్రబడ్డ కళ్లు కడుక్కుని, గొడుగు మూలన పెట్టి, మెల్లగా పాఠం మొదలుపెట్టేవారు. ఒకనాడు హెడ్మాస్టరు గుమ్మం దగ్గర నిలబడి ఆయనతో అన్న మాట మా అందరికీ వినబడింది.

"వచ్చే వారం ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. పది మంది లేకుంటే ఈ క్లాసు ఎత్తేస్తారు. క్లాసు లేకుంటే మీకు ఇక్కడ పనేముండాది? చూసుకోండి."

ఆ సాయంత్రం అయ్యవారు నన్ను ఆగమన్నారు. మా చిన్నమ్మ కూతురు అరవ క్లాసులో ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చే ఆ ఒక్కరోజుకు దాన్ని మా బెంచీలో కూర్చోబెట్టమన్నారు. "బావి పాఠం ఒకటే నేర్పు తల్లీ. నేను దానిచేత ఆ పాఠమే చదివిస్తాను," అన్నారు. నా ముఖంలోకి చూడకుండా అన్నారు.

మా పంచలో కూర్చుని నేను చదువుతుంటే అది పాత క్యాలెండరు వెనక అరవ అక్షరాల్లో తెలుగు పాఠం రాసుకుంది.

"మీ తెలుగు అక్షరం జిలేబీ మాదిరి ఉండాది కదక్కా. ఎక్కడ మొదలు, ఎక్కడ కొస?" అని నవ్వేది.

"నీకెందుకు? నువ్వు తినబోతాండావా? చెప్పింది చెప్పు."

"చెప్తే ఏమిస్తావు?"

"నా రిబ్బను."

నాలుగు రోజుల్లో పాఠమంతా దానికి నోటికి వచ్చేసింది. పుస్తకంలో వేలు ఏ వరస కింద ఎంత మెల్లగా జరపాలో కూడా నేర్పాను. మొదటి పేజీ మీదే నేర్పాను. వేలు సరిగ్గా జరుగుతోంది కదా, చాలనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు మా గది కడిగారు. అది నా రిబ్బను కట్టుకుని నా పక్కన కూర్చుంది. అయ్యవారు దాన్నే లేపారు. గొంతు వణక్కుండా చదివింది, మా అందరికంటే బాగా. రైతు బావి తవ్వాడు, ఊళ్లో వాళ్లు నవ్వారు, రాయి పడింది. వేలు కింది వరస చివరికి చేరింది. అది ఆగలేదు. నీళ్లు పడ్డాయి, నవ్వినవాళ్లే కడవలు తెచ్చారు అంటూ పాఠం చివరిదాకా చెప్పేసింది. వేలు మాత్రం ఆ పేజీ అడుగునే ఉంది.

ఇన్‌స్పెక్టరుకు తెలుగు రాదు. రావలసిన అవసరం లేకపోయింది. ఆయన లేచి వచ్చి, దాని చేతిలోని పుస్తకం పేజీ తానే తిప్పి, చదవమన్నట్టు వేలు పెట్టి చూపారు. అది నా వంక చూసింది. నేను బెంచీ వంక చూశాను.

ఆయన కోప్పడలేదు. రిజిస్టరు తెప్పించుకుని చూసి వెళ్లిపోయారు. గది ఖాళీ అయ్యాక అది ఏడుస్తూ, "నేను ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు గదా అయ్యా?" అని అడిగింది.

"తప్పు నీది కాదు పాపా. బాగా చదివినావు," అన్నారు అయ్యవారు.

ఆ ఏడాది చివర మా తొమ్మిది మందినీ ఎదురు గదిలోకి పంపారు. అయ్యవారు గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

కాలేజీకి పోయే ఏడు, బస్సు కోసం నిలబడి ఉండగా పక్కనున్న పత్తి మండీలో ఆయన కనిపించారు. బేళ్ల మీద నల్ల రంగుతో అరవంలో పేర్లు రాస్తున్నారు. నన్ను గుర్తుపట్టి, చేతులు గోనెకు తుడుచుకుని వచ్చారు.

"కాలేజీకా? తెలుగు ఉండాదా అక్కడ?"

"లేదు అయ్యా. ఇంగ్లీషు, అరవం."

"సరి. బాగా చదువుకో తల్లీ."

పేజీ తిప్పడం నేర్పనిది నేనని ఆయనకు చెప్పాలనుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను. తర్వాత రెండేళ్లకు ఆయన పోయారని తెలిసింది.

ఇప్పుడు నా కూతురు మూడో క్లాసు. అరవం, ఇంగ్లీషు రెండూ నేర్పే బడి. చదువులో ముందుంటుందని టీచరు చెప్పింది. అయినా నాకు నిద్ర పట్టనిది దాని చదువు గురించే. నిన్న ఇంగ్లీషు పుస్తకం తీసి గడగడా చదివింది. కళ్లు వాకిట్లో ఆడుకునే పిల్లల మీద ఉన్నాయి. వేలు వరసల కింద పోతోంది. పేజీ అడుక్కి వచ్చింది. సరైన చోట పేజీ తిప్పింది.

నాకు కొంత ధైర్యం వచ్చింది. కొత్త పేజీలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాను. నా ముఖంలోకి చూసింది, ఆనాడు మా చిన్నమ్మ కూతురు చూసినట్టే.

"మరి ఎక్కడ తిప్పాలో నీకెట్లా తెలిసింది?"

"టీచరు నేర్పించినాదమ్మా. 'వాటర్' అనంగానే తిప్పాలని."