ఎనిమిది గంటల మాత్ర

నాకు ఎనిమిది అంటే విసుగు. ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది. ఆరేళ్ళుగా అవి నన్ను ఒక్కరోజు వదల్లేదు. పెళ్ళింట్లో ఉన్నా, చావింట్లో ఉన్నా, వరదొచ్చి ఇంట్లో మోకాలి లోతు నీళ్ళలో మంచం మీద ముడుచుకుని కూర్చున్నా, ఆ వేళకి చేతిలో మాత్ర, గ్లాసుడు నీళ్ళు ఉండాల్సిందే. తిన్నాక రెండు గంటలు ఆగి వేసుకోవాలి. వేసుకున్నాక గంటసేపు ఏమీ తినకూడదు. "ఇంకా ఎన్నాళ్ళండీ?" అని అడుగుతారు ఇరుగుపొరుగు. బతికినన్నాళ్ళూ అని చెప్తే మొహాలు చిన్నబోతాయి. వేసుకునేది నేనైతే వాళ్ళకెందుకో బాధ.

నేను మా ఊరి బడిలో ఇరవై రెండేళ్ళు ఆయాగా పనిచేశాను. ఊడ్చేదీ, గంట కొట్టేదీ నేనే. అక్షరాలు కూడా అక్కడే వచ్చాయి, నలభై దాటాక. ఊడ్చడం అయ్యాక ఒకటో తరగతి గుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. లోపల పిల్లలు పలక మీద దిద్దుతుంటే నేను నేల మీద వేలితో దిద్దేదాన్ని. టీచరమ్మ చూసి ఒక పలక తెచ్చి నా పక్కన పెట్టింది. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే. మందు రేకుల మీద ఉండేది ఇంగ్లీషు, అది నాకు రాదు. అందుకే డబ్బాలకి కాగితాలు అంటించి 'పొద్దున రెండు, రాత్రి రెండు' అని నేనే రాసుకున్నాను.

నా కిడ్నీలు రెండూ బీపీకి పోయాయి. ఏడాదిన్నర డయాలసిస్ మీద బతికాను. అప్పుడు మా చెల్లెలు కిడ్నీ ఇచ్చింది. అది కాట్రేనికోన వైపు రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని చేస్తుంది. ఇస్తానని చెప్పడానికి కూడా పెద్ద మాటలేం వాడలేదు. "రెండున్నాయి కదే అక్కా, ఒకటి నీకు పడేస్తాను" అంది. ఆపరేషన్ అయ్యాక పది రోజులకి నా మంచం దగ్గరికి నడిచొచ్చి, "ఎలా ఉందే నా సొత్తు?" అని అడిగింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అడిగేది దాని గురించే. నా గురించి తర్వాత.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేసిన డాక్టరు గారు అర్థమయ్యేలా చెప్పారు. మీకు అది సొంత చెల్లెలే కావచ్చు, మీ ఒంట్లో కాపలా కాసేవాళ్ళకి మాత్రం దాని కిడ్నీ పరాయిదే, తరిమేయాలని చూస్తారు, ఈ మాత్ర వాళ్ళని జోకొట్టి పడుకోబెడుతుంది అన్నారు. మాత్ర తగ్గితే వాళ్ళు లేస్తారు. ఎక్కువైతే మరీ నిద్రపోతారు, చిన్న జ్వరం కూడా మీదికొస్తుంది. అందుకని రెండు నెలలకోసారి రక్తం తీయించి మందు ఎంత ఉందో చూడాలి. ఆ రోజు పొద్దున్న మాత్ర వేసుకోకుండా వెళ్ళాలి. రక్తం ఇచ్చాకే వేసుకోవాలి.

తినేవాటికీ ఆంక్షలున్నాయి. మా పెరట్లో పంపరపనస చెట్టుంది, మా అత్తగారు వేసింది. ఆ పండు తింటే మందు ఒంట్లో ఎక్కువైపోతుందట, ముట్టుకోవద్దన్నారు. మా చెల్లెలు వచ్చినప్పుడల్లా నా ఎదురుగా కూర్చుని తొనలు ఒలిచి, ఉప్పూ కారం అద్దుకుని తింటుంది. "ఉన్నది ఒక్కటే అయినా నా కిడ్నీ మంచిదే. నాకు ఏ మాత్రలూ లేవు. నేను తినొచ్చు" అంటుంది. ముండ.

ఇక నేను చేసిన తప్పు సంగతి.

రెండేళ్ళ క్రితం రక్తం ఇవ్వడానికి అమలాపురం బయల్దేరాను. ఇచ్చాక వేసుకోవాలి కదా అని మాత్రలు సంచిలో పెట్టుకున్నాను. బస్సు ఆలస్యమైంది. ఎక్కేసరికి ఎనిమిది. ఇరవై రెండేళ్ళు వేళకి గంట కొట్టిన చెయ్యి ఇది, టైమైతే నన్ను అడగదు. సీట్లో కూర్చుని మాత్రలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను. దిగేదాకా గుర్తు రాలేదు.

గుర్తొచ్చాకైనా వెనక్కి వెళ్ళాల్సింది. ఎలాగూ వచ్చాను కదా అని ల్యాబులో వరసలో కూర్చున్నాను. నా వంతొచ్చింది. రక్తం తీసే అమ్మాయి చేతికి రబ్బరు కడుతూ అడిగింది.

"మాత్ర వేసుకోకుండానే వచ్చేరు కదండీ?"

"ఆయ్" అన్నాను.

మా వైపు ఎవరేం అడిగినా ముందు ఆయ్ అనేస్తాం. ఎదటివాళ్ళ మాట కాదనడం మర్యాద కాదు. ముఖ్యంగా తెల్లకోటు వాళ్ళ ముందు. ఆలోచించేది తర్వాత. అయినా అది సాకు. వేసుకున్నానని నాకు తెలుసు.

మూడో రోజు విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "మందు బాగా ఎక్కువ కనిపిస్తోందండీ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చాలన్నారు డాక్టరు గారు. మాత్ర వేసుకోకముందే రక్తం ఇచ్చేరు కదా?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఒకసారి అబద్ధమాడినదాన్ని ఇప్పుడెలా చెప్పను అనిపించింది. మళ్ళీ ఆయ్ అన్నాను. మొదటిది అలవాటు. రెండోది సిగ్గు. డబ్బా మీద కాగితం పీకేసి 'ఒకటి, ఒకటి' అని రాసి అంటించాను.

నెలన్నర గడిచింది. ఒంట్లో బాగానే ఉంది, అందుకే భయం కూడా లేదు. తర్వాత చెప్పులు బిగుతయ్యాయి. వయసులే అనుకున్నాను. ఒక ఆదివారం చెల్లెలు రొయ్యలు పట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే నా పాదం చూసి, వంగి వేలితో నొక్కింది. గుంట పడింది. అది వెంటనే పూడలేదు.

"ఏంటే అక్కా ఇది?"

చెప్పేశాను. బస్సూ, ల్యాబూ, రెండు ఆయ్‌లూ, అన్నీ.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రొయ్యల సంచి గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"కుళాయి రాలేదని ప్రెసిడెంటు గారినే రోడ్డు మీద ఆపి అడిగేసేవు. ఊరంతటితో తగువు పెట్టుకునే నోరు. ఆ పిల్ల ముందు ఏవైపోయిందే ఆ నోరు?"

"వాళ్ళు అడిగే తీరే అలా ఉంటదే. కదండీ, కదండీ అంటే…"

"నేను ఇచ్చేటప్పుడు నన్నెవరూ కదండీ అనలేదు. కోసేరు. తీసేరు. నీకు పెట్టేరు." ఊపిరి పీల్చుకుంది. "అది నీదనుకున్నావా, మొహమాటానికి పారేసుకోడానికి? ఫోన్ చెయ్. ఇప్పుడే. నేను వింటా."

చేశాను. వెంటనే బయల్దేరి రమ్మన్నారు. రొయ్యలు పక్కింటావిడకి ఇచ్చేసి ఇద్దరం విశాఖపట్నం వెళ్ళాం. రక్తం చూశారు. కిడ్నీ చెడితే పెరిగే అంకె క్రియాటినిన్, ఒకటీ పావు ఉండేది రెండు దాటింది. కాపలావాళ్ళు లేచేశారు. సూది వేసి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ తర్వాత మూడు రోజులు సెలైన్‌లో మందెక్కించారు.

డాక్టరు గారు మంచం దగ్గరికి వచ్చి, "మాత్ర వేసుకున్నాక రక్తం ఇస్తే మందు ఎక్కువున్నట్టే కనిపిస్తుందమ్మా. అది నమ్మి నేను తగ్గించాను. మీరు చెప్పేది నమ్మడం తప్ప నాకు వేరే దారి లేదు" అన్నారు.

నోటిదాకా వచ్చింది ఆయ్. ఆపుకున్నాను. "అబద్ధం చెప్పానండీ" అన్నాను.

పక్కన కుర్చీలో ఉన్న మా చెల్లెలు, "రెండుసార్లండీ" అంది.

క్రియాటినిన్ తగ్గింది. పాత అంకెకి మాత్రం రాలేదు, ఒకటిన్నర దగ్గర ఆగిపోయింది. ఇక అంతేనన్నారు. ఆ తేడా నా నోటిదే. చెల్లెలు దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండును.

కిందటి నెల మళ్ళీ రక్తం ఇవ్వాల్సిన రోజు వచ్చింది. ముందు రోజు సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసి మాత్రలు సంచి అడుగున టిఫిన్ డబ్బా కింద పెట్టమంది. పెట్టాను. అయినా బస్సులో ఎనిమిదయ్యేసరికి గంట కొట్టిన ఆ చెయ్యి డబ్బా కింద దూరి వాటిని వెతికి తీసింది. మింగాక గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అమలాపురంలో దిగి, సరాసరి ల్యాబుకి వెళ్ళాను. అదే అమ్మాయి.

"మాత్ర వేసుకోలేదు కదండీ?"

"వేసుకున్నానమ్మా. రేపొస్తాను."

"అయ్యో, అంత దూరం నుంచి మళ్ళీనాండీ?"

"మరేం చేస్తాం."

వచ్చిన బస్సులోనే సీటు దొరికింది, ఇంకా బయల్దేరలేదు. కాళ్ళు లాగుతున్నాయి. ఫోన్ మోగింది.

"ఇచ్చేసేవా? ఎలా ఉందే నా సొత్తు?"

"ఇవ్వలేదు. మాత్ర వేసేసుకున్నాను. చెప్పి వచ్చేశాను."

అటువైపు షెడ్డులో కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"రేపు నేనొస్తాను," అంది చెల్లెలు. "మాత్రలు నా దగ్గర పెట్టుకుంటాను. నువ్వు ఖాళీ చేతుల్తో కూచో."

"ఆయ్" అన్నాను.