స్టీరింగు కింద గేరు కడ్డీ

పటాన్‌చెరు క్యాంపు దగ్గర లారీ దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెల ఎండ. సంగారెడ్డి రోడ్డు పక్కన బీడు భూమి, ఎనిమిది గుడారాలు, ఒక రేకుల షెడ్డు. నా కిట్ బ్యాగులో ఇంకా మంచు పోస్టు ఉన్ని మేజోళ్లున్నాయి. రెండు చలికాలాలు సరిహద్దు కొండల్లో బండ్లు బాగుచేసి వచ్చాను. క్యాంపు నుంచి జిన్నారం సైకిలు మీద పోయేంత దూరం. అక్కడ నా భార్య సుగుణ. చలికాలం చివర సెలవు మీద ఇంటికొచ్చి వెళ్లాను, ఇప్పుడు ఆమెకు మూడో నెల. డెబ్బైల మొదట్లో సిపాయికి ఇంటి పక్కన పోస్టింగు దొరకడమంటే లాటరీ తగిలినట్టే.

షెడ్డులో ఒక పాత కారు ఉంది. వెనక పొడుగాటి బాడీ. సీట్లు పీకేసి, స్ట్రెచర్ పెట్టి, అంబులెన్సు చేశారు. దాని ఇంజను పట్టేసింది. స్టోర్సు వాళ్లు బదులుగా ఒక జీపు ఇంజను పంపారు. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ ఇంజను వెనక జీపు గేరుబాక్సు పెట్టాలా, కారుదే ఉంచాలా?

ఆ కారు డ్రైవర్ సంగారెడ్డి వాడు, దర్జీల ఇంటి కుర్రాడు. మెకానిక్ పని కూడా తెలిసినవాడు. క్యాంపు పెద్ద సుబేదార్ సాబ్ మా ఇద్దరినీ నిలబెట్టి ఆర్డరు చెప్పాడు. ఎవరు చెప్పిన గేరుబాక్సు పనికొస్తే వాళ్లు బండితో పాటు క్యాంపులో ఉంటారు. రెండోవాడు జూన్‌లో కొండల మీదికి. మీరంతా నన్ను యుద్ధం ముచ్చట్లు అడుగుతుంటారు. నా యుద్ధం ఆ రేకుల షెడ్డులోనే జరిగింది.

నేను జీపు గేరుబాక్సు అన్నాను. జీపు ఇంజనుకు బోల్టులు అచ్చంగా సరిపోతాయి. మొదటి గేరు ఎంత బరువునైనా ఎత్తు మీదికి లాగేస్తుంది. వెనక చక్రాలకు పోయే షాఫ్టు ఒకటి సరిచేస్తే చాలు, వారంలో బండి రోడ్డెక్కుతుంది. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఈడ కొండ యాడుంది ఉస్తాద్?" అన్నాడు.

రెండేళ్లు కొండల మీద బతికినవాడికి ప్రతి రోడ్డూ నిటారుగానే కనిపిస్తుంది. హైదరాబాద్ దాకా రోడ్డు చదునుగా ఉందన్న సంగతి, ఇక్కడే పుట్టిన నాకు, తట్టనే లేదు.

అతను వెళ్లి స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆ స్ట్రెచర్ పొడుగు. రోగి కాళ్లు డ్రైవర్ పక్క దాకా వస్తాయి.

"నీ గేరు రాడ్ నేలలకెల్లి లేస్తది. పండుకున్నోళ్ల కాళ్లకు తాకుతది. కారుదైతే స్టీరింగు కిందనే ఉంటది. నొప్పులతోని వచ్చేటోళ్ల సంగతి జెర సోంచాయించు ఉస్తాద్."

కారు గేరుబాక్సు ఉంచాలంటే పని ఎక్కువ. ఇంజనుకూ దానికీ మధ్య ఒక మందపాటి ఇనుప పలక కావాలి. పటాన్‌చెరులో లేతు మిషను ఉన్న షాపులో చేయించి తెస్తానన్నాడు. సుబేదార్ సాబ్ బొజ్జ వేసుకుని తనూ స్ట్రెచర్ మీద పడుకుని, కాళ్లు చాపి చూసుకుని లేచాడు. కారు గేరుబాక్సే అన్నాడు.

కడుపు మండిపోయింది. అతను తప్పు చెప్పి గెలిచి ఉంటే ఇంత మండేది కాదు. ఆ పలక బిగించిన రోజులన్నీ అతనికి స్పానర్లు అందించింది నేనే. అతను ఈల వేస్తూ పని చేసేవాడు. ఆ ఈల నాకు ఇప్పటికీ పడదు.

చివరికి పరీక్ష. స్ట్రెచర్ మీద స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టి, ఒలకకుండా ఇస్నాపూర్ దాకా పోయి రావాలి. నేను వెనక గ్లాసు పక్కనే కూర్చున్నాను. రోడ్డుకు అడ్డంగా వచ్చే ప్రతి మోరీ దగ్గరా ఒలకాలని ఏసయ్యను వేడుకున్నాను. ఆయన వినలేదు. అతను గేరు మారుస్తుంటే ఇంజను చప్పుడు మారేది తప్ప నీళ్లు కదిలేవి కావు. సాయంత్రం కిట్ బ్యాగు సర్దుకున్నాను. ఉన్ని మేజోళ్లు అడుగునే ఉన్నాయి, బయటికి తీసిందే లేదు.

నవంబరులో మంచు పోస్టు దారి మూసుకుపోయింది. బంకర్‌లో కిరోసిన్ స్టవ్ చుట్టూ నలుగురం. మా రేడియో ఆపరేటర్ గోదావరి వైపు వాడు. చెవులకు పెట్టుకున్నవి తీసి నవ్వాడు.

"అమ్మాయి పుట్టిందండి. తల్లీబిడ్డా క్షేమం. మీ క్యాంపు అంబులెన్సులోనే సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రికి తీసుకెళ్లారంట."

అందరికీ బెల్లం పంచాను. తర్వాత నా మంచం మీద పడుకుని, జిన్నారం నుంచి సికింద్రాబాద్ దాకా మనసులోనే ఆ బండి నడిపాను. ఎక్కడ రెండో గేరు వేసి ఉంటాడో, ఎక్కడ మూడోది వేసి ఉంటాడో నాకు తెలుసు. సుగుణ కాళ్లు అతని పక్కనే ఉండి ఉంటాయి. నా గేరు కడ్డీ ఉంటే వాటికి తగిలేది. ఆ సంగతి నాకు తెలుసు. కృతజ్ఞత ఉంది. అసూయ అంతకంటే ఎక్కువ ఉంది.

మళ్లీ ఎండాకాలం తిరిగి వచ్చాక గానీ నాకు సెలవు దొరకలేదు. ఇస్నాపూర్‌లో బస్సు దిగాను. సుబేదార్ సాబ్ నా కోసం కారు పంపాడు. అందులోనే వచ్చిన సుగుణ ఎదురొచ్చి బ్యాగు అందుకుంది. ముందు నా ఆరోగ్యం అడిగింది. వెంటనే కాన్పు నాటి రాత్రి ప్రయాణం గురించి మొదలుపెట్టింది.

"ఒక్క కుదుపు గూడ తెల్వలేదయ్యా. గట్ల తోలుకపోయిండు ఆయన," అంది.

బిడ్డ కారులో ఉంది. అతని ఒళ్లో కూర్చుంది. టీకాలకని, మందులకని ప్రతిసారీ ఆ కారులోనే తిరిగిన పిల్లకు అతని దగ్గర చనువు. స్టీరింగు కింద గేరు కడ్డీ చివర నల్లటి గుండు. దాని మీద బిడ్డ చెయ్యి. ఆ చేతి మీద అతని చెయ్యి.

"సూడు బిడ్డా, మీ నాయిన వచ్చిండు. పో," అన్నాడు.

చేతులు చాపాను. నా కూతురు నన్ను పైనుంచి కిందికి చూసి, కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను నొచ్చుకున్నాడు, నవ్వి కప్పేశాడు. మేం వెనక ఎక్కాం. బిడ్డ చెయ్యి తీయకుండానే అతను గేరు వేశాడు. బండి కదిలింది. చప్పుడే లేదు.

జీపు గేరుబాక్సు అయితే కటకటమని మోగేది. పిల్ల జడుసుకుని నా దగ్గరికి వచ్చేది.