గొలుసు మరవని వీరాచారి

రేడియో మెకానిక్ వీరాచారి దివంగతులయ్యారని రాయడానికి చెయ్యి రావడం లేదు. పెబ్బేరు సంతలో పెట్రోలు మంటల్లో కాలి, వనపర్తి దవాఖానలో మూడు రోజులు యమయాతన పడి ఆయన కన్నుమూశారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆ సంత పొద్దున నా పక్కన కూర్చుని అటుకులు తిన్న మనిషి, తిని నా ధోవతికే చెయ్యి తుడుచుకున్న మనిషి, లేడంటే బుద్ధి ఒప్పుకుంటున్నది గాని చెవులు ఒప్పుకోవడం లేదు. వ్యాను తలుపు చప్పుడైతే ఇంకా ఆయన దగ్గు వినిపిస్తుందేమోనని ఆగుతున్నాను.

ఇంతలో గద్వాల బజారులో ఒక మాట తిరుగుతున్నది. అందరికీ గొలుసు పాఠం చెప్పిన వీరాచారి తానే గొలుసు మరిచాడట. ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది యుద్ధవార్తలు వినిపించే రేడియో వ్యాను. గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా సంతసంతకూ తిరిగేవాళ్లం. బండి నడపడం, రేడియో చూసుకోవడం ఆయన పని. వచ్చిన వార్తను తెలుగు చేసి మైకులో చదవడం నా పని. రాజోలిలో కమ్మరి ఇంట పుట్టి, కొలిమి దగ్గర ఇనుమును, హైదరాబాదులో మోటారును నేర్చిన ఆయనకు నా వంటి బడిపంతులు చదువు మీద గౌరవం ఉండేది, నా చేతుల మీద మాత్రం ఏ మాత్రం నమ్మకం ఉండేది కాదు. "నువ్వు నోటితోనే పని చెయ్యి పంతులూ, చేతులు జేబుల పెట్టుకో" అనేవారు.

మా ప్రాంతపు ఎండ గురించి చెప్పనక్కర లేదు. ఆ పొడిగాలిలో బండి పరుగెత్తితే తిరిగే చక్రాల నుంచి దాని ఒంటికి విద్యుత్తు పట్టుకుంటుంది. రబ్బరు టైర్లు దాన్ని నేలలోకి దిగనివ్వవు. తలుపు ముడితే చెయ్యి జిల్లుమంటుంది, రేడియోలో పేలాలు వేగినట్టు చిటపటలు వస్తాయి. ఒకసారి కల్వకుర్తి దారిలో ఆ చిటపట ఎక్కడిదో తేల్చుకోవాలని ఆయన దిగుడులో ఇంజను ఆపేసి బండిని ఊరికే దొర్లనిచ్చారు. చప్పుడు ఆగలేదు. బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించారు, చిటపట ఆగింది. కాలు తీశారు, మళ్లీ మొదలైంది. "ఇంజనుది గాదు, చక్రాలదే" అని పసిపిల్లవాడిలా నవ్వారు. దిగుడు అయిపోయి బండి వాగులో నిలిచిపోయినా ఆ నవ్వు ఆగలేదు. నేను మోకాలి లోతు నీళ్లలో దిగి తోశాను, తిట్టుకుంటూనే.

మరునాడు చక్రాల మూతల లోపల చిన్న స్ప్రింగులు పెట్టారు, బానెట్టుకూ బండికీ నడుమ రాగితీగల అల్లిక బిగించారు. అన్నిటికన్నా ముఖ్యం, వెనక నేలను రాసుకుంటూ పోయే ఒక ఇనుప గొలుసు వేలాడదీశారు. బండికి పట్టిన విద్యుత్తు దాని గుండా నేలలోకి దిగిపోతుంది, దిగకపోతే పెట్రోలు పోసేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. "ముందు భూమిని ముట్టాలె, అటెన్క పెట్రోలు ముట్టాలె" అన్నది ఆయన నియమం. ఆయన దాన్ని మంత్రంలా కాదు, అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టు పాటించారు.

నాగర్‌కర్నూలులో ఒక మధ్యాహ్నం నేల ఎండి రేడియో పలకలేదు. ఆయన ఇనుప కొయ్య పాతి, దానికి రేడియో తీగ చుట్టి, నేల తడవడానికి కడవెడు నీళ్లు అడిగి కొయ్య మొదట్లో పోశారు. బర్మా యుద్ధంలో కొడుకున్న ఒక ముసలి రైతు చూసి, "ఇనుప కొయ్యకు నీళ్లు పోస్తున్నవ్, ఏం మొలుస్తదిరా నాయనా?" అన్నాడు. వీరాచారి తలెత్తకుండా, "జర ఆగు పెద్దయ్యా, మాట మొలుస్తది" అన్నారు. మొలిచింది. ఆ ముసలాయన కొడుకు పేరు వార్తల్లో రాదని మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన కదలకుండా చివరిదాకా విన్నాడు. ఆయన లేచేదాకా వీరాచారి రేడియో ఆపలేదు.

ఇక పెబ్బేరు సంగతి. అది పశువుల సంత. గొలుసు గలగలకు ఎడ్లు బెదురుతున్నాయని రైతులు కోప్పడితే, ఆ పొద్దున సంత మొదట్లో బండి దిగి గొలుసును పైకెత్తి తాడుతో కట్టింది నేను. చేతులు జేబులో పెట్టుకోమన్న మాట ఆ ఒక్కసారి వినలేదు. ఆయన స్టీరింగు దగ్గర ఉన్నారు, చూడలేదు. సంత నడిమికి వచ్చి ఆగాక పెట్రోలు పోయడానికి డబ్బా, దాన్ని వడగట్టే తోలు వడపోత తీశారు. నేను ముందు సీట్లో వార్త కాగితం దిద్దుకుంటున్నాను.

"గొలుసు కిందికున్నదా పంతులూ?" అని అడిగారు.

నేను తలెత్తలేదు. "ఉన్నది" అన్నాను.

నిప్పురవ్వ చిటుక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. అంటుకున్న డబ్బాను ఆయన కింద పడెయ్యలేదు. చుట్టూ జనం, ఎడ్లు, గడ్డి బండ్లు. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని బయలులోకి పరుగెత్తారు.

దవాఖానకు పోలీసు అమీను వచ్చి ఎట్లా జరిగిందని అడిగితే, వీరాచారి నా వైపు ఒకసారి చూసి, "నేనే మరిసిన సాబ్" అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోటితో పని చేసేవాణ్ణి, ఒక్క మాట పలకలేదు.

పదోనాడు రాజోలి పోయాను. ఆయన భార్య నీలమ్మ, "అందరు మరిసిండంటుండ్రు. ఆయన మరిసే మనిషేనా అయ్యా? నువ్వు ఆయన ఎంట ఉన్నవ్ గద, చెప్పు" అన్నది. నేను మంచినీళ్లు అడిగి తాగి లేచి వచ్చాను.

వీరాచారి వంటి శిల్పి ఈ సీమకు మళ్లీ దొరకడు. పేలాల చప్పుడులోంచి మనిషి గొంతును ఏరి తీసిన ఆ చేతులకు నా నమస్కారాలు. ఆయన గొలుసు మరవలేదు. అడిగారు. నేను చూడకుండా ఉన్నదన్నాను.

నీలమ్మకు చదువు రాదు. ఇది అచ్చుకు పోకముందే రాజోలి పోయి, ఆమె ఎదుట కూర్చుని, మొదటి అక్షరం నుంచి నేనే చదివి వినిపిస్తాను. ఇన్నేళ్లు ఆయన తెచ్చిపెట్టిన వార్తలు చదివాను, ఆయన వార్త కూడా నేనే చదవాలి.