గాజు, పెన్సిలు, అయిదు సెంటీమీటర్ల దారం

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, సాయంత్రం నాలుగూ నలభైకి మొదలైంది. పక్కింటి స్కూటర్ మెకానిక్ కూతురు, ఇంటర్ రెండో ఏడాది పిల్ల, ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని నరసరావుపేటలోని మా ఇంటికి వచ్చింది. విద్యుదావేశం ఉన్న వలయం వల్ల దాని అక్షం మీద పొటెన్షియల్ ఎంతో లెక్కకట్టడం చెప్పమంది. కాలేజీలో ముప్పై నాలుగేళ్లు నేను చెప్పిన లెక్కే.

వలయం వ్యాసార్ధం మూడు సెంటీమీటర్లు. బిందువు కేంద్రానికి నాలుగు సెంటీమీటర్ల పైన. ఆవేశం అయిదు నానోకూలుంబులు. వలయాన్ని చిన్న చిన్న ముక్కలుగా అనుకుని, ఒక్కో ముక్క పొటెన్షియల్ రాసి, అన్నిటినీ సమాకలనం చేసి, పదకొండు మెట్లలో తొమ్మిది వందల వోల్టులు తేల్చాను.

పిల్ల చేతి గాజు తీసి బల్ల మీద పెట్టింది. మధ్యలో పెన్సిలు ముక్క నిలబెట్టి, గాజు అంచు నుంచి పెన్సిలు మొనకు దారం పట్టింది. మూడు చోట్ల కొలిచినా పొడవు మారలేదు.

“ఎక్కణ్ణుంచి చూసినా దూరం అయిదే కదా అమ్మమ్మా. ముక్కలు చేసేదెందుకు? ఒక్క లైనులో అయిపోద్ది.”

“ఒక్క లైనుకు మార్కులెవడిస్తాడే, మీ నాన్నా? మెట్లు రాయి.”

“నట్టు బిగిస్తే చాలు, ఎట్టా బిగించావని ఎవడూ అడగడంటాడు మా నాన్న.”

నవ్వొచ్చింది. నవ్వుతూనే పదకొండు మెట్లూ మూడుసార్లు రాయించాను.

ఆ రోజు నుంచి పిల్ల రోజూ వచ్చేది. సర్కారు ఇంజినీరింగ్ కాలేజీలో సీటొస్తే పంపుతానని, లేకపోతే ఊళ్లోనే డిగ్రీ అని, రెండోసారి రాయనిచ్చేది లేదని వాళ్ల నాన్న ముందే చెప్పాడు. కోచింగ్ లేదు, నేనే కోచింగ్. ఫోన్‌లో మాక్ టెస్టులు రాస్తానంటే ఫోన్ తీసి సొరుగులో పెట్టాను. తెలియని ప్రశ్నకు ఊహించి జవాబు పెట్టడం దొంగతనమని కూడా చెప్పాను. నేను పేపర్లు దిద్దిన కాలంలో అది నిజమే.

మే నెలలో ఇంజినీరింగ్ ఎంట్రన్స్ పరీక్ష. తొమ్మిదింటికి పిల్ల సెంటర్ లోపల కంప్యూటర్ ముందు కూర్చుంది. వాళ్ల నాన్నా నేనూ గోడ నీడన నిలబడ్డాం. తొమ్మిదీ పన్నెండుకు, రొంపిచెర్ల నుంచి కొడుకును తీసుకొచ్చిన రైతు ఒకాయన మాట కలిపాడు.

“నూట అరవై ప్రశ్నలంట, మూడు గంటలేనంట. ఎట్టా చేస్తారో పిల్లకాయలు.”

“చేసేదేముంది అన్నా, తెలియనియ్యి టకటకా నొక్కటమే. మైనస్ మార్కుల్లేవుగా,” అన్నాడు ఇంకొకాయన.

అప్పుడు భాగించాను. ప్రశ్నకు అరవై ఏడున్నర సెకన్లు. ఆ భాగహారం ఫిబ్రవరిలోనే చేసి ఉండవలసింది.

గేటు దగ్గరికి వెళ్లి, లోపలి పిల్లకు ఒక్క మాట చెప్పాలన్నాను.

“ఏంది మామ్మా, చీమను కూడా పోనీను. పో, నీడన కూర్చో,” అన్నాడు వాచ్‌మన్.

కూర్చోలేదు. చేతి గడియారం చూస్తూ పన్నెండు దాకా నిలబడ్డాను. మెకానిక్ రెండుసార్లు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. “ఏమైందమ్మా?” అని అడిగాడు.

పిల్ల నవ్వుతూ బయటికి వచ్చింది.

“అమ్మమ్మా, వలయం లెక్కొచ్చింది! పదకొండు మెట్లూ రఫ్ కాగితం మీద రాశా. ఎనిమిది నిమిషాలు పట్టింది గానీ కరెక్టు.”

“మిగతావి?”

“నలభై నాలుగు చూడను కూడా లేదు, టైమైపోయింది. ఊరికే నొక్కలేదులే, మీరు చెప్పినట్టే.”

వాళ్ల నాన్న ఆమె తల నిమిరి, “నిజాయితీగా రాసింది, చాలమ్మా,” అని నాకే ధైర్యం చెప్పాడు.

పోయినవి ఇవి. వలయం మీద అదనంగా ఖర్చయిన సెకన్లు నాలుగు వందల పన్నెండున్నర, అంటే ఆరు ప్రశ్నల కాలం. చూడని ప్రశ్నలు నలభై నాలుగు. నాలుగింట ఒకటి చొప్పున, కళ్లు మూసుకుని నొక్కినా రావలసిన మార్కులు పదకొండు. సర్కారు కాలేజీలో సీటు ఒకటి.